ఒకే కథ, మూడు ముగింపులు: లంచగొండి పోలీసు సినిమా దగ్గర ప్రేక్షకులు ఎందుకు చీలిపోతారు

లంచాలు మేసే పోలీసే హీరోగా ఒక యాక్షన్ సినిమా వచ్చిందంటే, మొదటి ఆట వదిలేసరికే జనం రెండుగా విడిపోయి ఉంటారు. ఒకరు ‘గూస్‌బంప్స్’ అంటారు, ఇంకొకరు ‘ఇదెక్కడి న్యాయం’ అంటారు. చూసింది ఒకే సినిమా. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఈ గొడవ ఎక్కడ పుడుతుందో తేల్చడానికి మనకు ఒక మంచి వీలు దొరికింది. ఒకే కథను మూడు భాషల్లో తీశారు, మూడింట్లోనూ ముగింపు మార్చారు.

2015 ఫిబ్రవరి 13న వచ్చిన ‘టెంపర్’ మొదటిది. దర్శకుడు పూరి జగన్నాథ్, కథ వక్కంతం వంశీది, హీరో ఎన్టీఆర్. దీన్నే హిందీలో రోహిత్ శెట్టి రణ్‌వీర్ సింగ్‌తో ‘సింబా’గా తీశాడు, 2018 డిసెంబర్ 28న విడుదలైంది. తమిళంలో విశాల్‌తో ‘అయోగ్య’గా 2019 మేలో వచ్చింది. మూడింటికీ ఎముకల గూడు ఒకటే. డబ్బు కోసమే ఖాకీ తొడిగిన అధికారి ఒకడు. ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న పెద్దమనిషితో చేతులు కలుపుతాడు. ఆ పెద్దమనిషి తమ్ముళ్లు ఒక అమ్మాయిని చెరిచి చంపుతారు. అక్కడ మన అధికారి తిరగబడతాడు. ఇంతవరకూ మూడూ ఒకే దారి.

‘టెంపర్’లో హీరో కోర్టులో నిలబడి, ఆ నేరంలో తనకూ భాగం ఉందని అబద్ధం చెప్పి అందరికీ ఉరిశిక్ష పడేలా చేస్తాడు, చివరికి తను మాత్రం ప్రాణాలతో బయటపడతాడు. ‘సింబా’లో కోర్టు తీర్పు దాకా పోనివ్వరు, నిందితులను స్టేషన్‌లోనే కాల్చి ఎన్‌కౌంటర్‌గా చూపిస్తారు. ‘అయోగ్య’లో హీరో అదే అబద్ధం చెప్పి, ఆ అబద్ధానికి కట్టుబడి తనూ ఉరికంబం ఎక్కుతాడు.

‘బాగుంది’ అనే ఒక్క మాటలో మూడు ప్రశ్నలు

ఎవరైనా ‘సినిమా బాగుంది’ అన్నప్పుడు మూడు వేర్వేరు విషయాల్లో ఏదో ఒకదానికి జవాబు చెబుతుంటారు. రెండున్నర గంటలు కుర్చీలో కూర్చోబెట్టిందా? మనిషి మారిన తీరు నమ్మేలా ఉందా? చివర్లో చేసిన పని సరైనదేనా? మొదటిది వినోదం, రెండోది రచన, మూడోది న్యాయం. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును ఇంకో ప్రశ్నకు అంటగట్టినప్పుడే వాదన పెరుగుతుంది. ‘టెంపర్’ కోర్టు సీన్‌లో ఎన్టీఆర్ నటనకు చప్పట్లు కొట్టినంత మాత్రాన ఆ ప్రేక్షకుడు దొంగ సాక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదు. ఆ సీన్ చట్టం ముందు నిలవదని చెప్పినంత మాత్రాన నటనను తక్కువ చేసినట్టూ కాదు.

వసూళ్ల అంకెలు ఈ మూడింటిలో దేనికీ జవాబు చెప్పవు. 177 రూపాయల టికెట్టులో 27 రూపాయలు జీఎస్టీ. మిగిలిన 150లో థియేటర్ వాటా పోగా వచ్చేదే షేర్. పోస్టర్ మీద వేసే గ్రాస్, అంటే మొత్తం వసూలు వేరు, పంపిణీదారు చేతికి వచ్చే షేర్ వేరు. పైగా ఒకే అభిమాని ఐదుసార్లు చూస్తే ఐదు టికెట్లు లెక్కకొస్తాయి, అభిప్రాయం మాత్రం ఒకటే. ‘ఇంత వసూలు చేసింది కాబట్టి జనం దీన్నే న్యాయమని నమ్ముతున్నారు’ అన్న వాదన ఇక్కడే తప్పుతుంది.

కోర్టులో ఆ అబద్ధం: చట్టం ఎక్కడ ఆపుతుంది

‘టెంపర్’ మీద ఎక్కువగా వినిపించే విమర్శ ‘లాజిక్ లేదు’ అన్నది. అన్నవాళ్లకు సరిగ్గా ఏ లాజిక్ లేదో చెప్పే అవకాశం తక్కువ. అందుకే ఆ సీన్‌ను ఒక్కో మెట్టూ దిగి చూద్దాం. సినిమా కాలం నాటి సెక్షన్లే చెబుతాను. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాల్లో నంబర్లు మారాయి గానీ, ఇక్కడ మనకు కావాల్సిన సూత్రాలు మారలేదు.

కేసు నడిపిన అధికారి లేచి ‘నేనూ చేశాను’ అంటే జడ్జి అప్పటికప్పుడు శిక్ష వేయలేడు. ముందు అతణ్ని నిందితుడిగా చేర్చాలి. దానికి నేర విచారణ పద్ధతి చట్టం (సీఆర్‌పీసీ) 319 ఉంది. అలా చేర్చిన మనిషి విషయంలో విచారణ మొదటి నుంచి మళ్లీ జరగాలి, సాక్షులను మళ్లీ పిలవాలి.

ఇక అతని ఒప్పుకోలు మిగతావాళ్ల మీద పనిచేస్తుందా? సాక్ష్యాధారాల చట్టం 30వ సెక్షన్ ప్రకారం, కలిసి విచారణ ఎదుర్కొంటున్న నిందితుల్లో ఒకడు తన నేరం ఒప్పుకుంటే, దాన్ని మిగతావాళ్ల విషయంలో కూడా ‘పరిగణనలోకి’ తీసుకోవచ్చు. అంతే, అదే పునాది కాలేదు. వేరే సాక్ష్యం ముందు నిలబడాలి, ఒప్పుకోలు దానికి ఊతం మాత్రమే. కశ్మీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1952లోనే ఈ మాట చెప్పింది. సినిమాలో సమస్యే వేరే సాక్ష్యం నిలవకపోవడం. గోడ లేని చోట ఊతకర్ర దేనికి ఆనుతుంది?

దీనికన్నా పెద్ద చిక్కు ఒకటుంది. దర్యాప్తు చేసిన మనిషే నేరస్థుణ్నని చెప్పాడంటే డిఫెన్స్ లాయరుకు పండగే. అతను సేకరించిన ప్రతి కాగితం, రాయించిన ప్రతి వాంగ్మూలం అనుమానంలో పడతాయి. అత్యాచారం కేసుల్లో నిందితుడికి వైద్య పరీక్ష చేసి డీఎన్‌ఏ నమూనాలు తీసే ఏర్పాటు 2006 నుంచి సీఆర్‌పీసీ 53ఏలో ఉంది. హీరో నమూనా సరిపోలదు. అప్పుడు ప్రాసిక్యూషన్ కథలో ఒక అబద్ధం బయటపడుతుంది, మిగతా నిజాలను కూడా అది తనతో లాక్కుపోతుంది. బాధితురాలి కోసం ఆడిన అబద్ధం బాధితురాలి కేసునే ముంచే ప్రమాదం ఉంది.

అబద్ధం ఆడిన వ్యక్తి సంగతి? ఉరిశిక్ష పడే నేరంలో ఎవరినైనా దోషిగా తేల్చాలని దొంగ సాక్ష్యం చెబితే ఐపీసీ 194 కింద యావజ్జీవం, లేదా పదేళ్ల వరకు కఠిన కారాగారం, జరిమానా. ఆ నిందితులు నిజంగా నేరం చేసినవాళ్లే అయినా ఈ సెక్షన్ వర్తిస్తుంది. దొంగ సాక్ష్యం వల్ల నిర్దోషి ఉరికంబం ఎక్కితే, చెప్పినవాడికీ మరణశిక్ష పడవచ్చు.

చివరగా ఉరి. సెషన్స్ కోర్టు వేసిన మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరించే దాకా అమలు చేయకూడదు. సీఆర్‌పీసీ 366 చెప్పేది అదే. ఆ తర్వాత సుప్రీంకోర్టు, క్షమాభిక్ష.

ఇన్ని చెప్పాక కూడా ఆ సీన్‌ను ఇష్టపడేవాళ్లకు ఒక బలమైన మాట ఉంది, దాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. ఆ సీన్ చట్టం చెప్పడానికి రాసింది కాదు. జీవితమంతా డబ్బు కోసం అబద్ధాలాడిన మనిషి మొదటిసారి తన ప్రాణానికి ముప్పు తెచ్చే అబద్ధం ఆడుతున్నాడు. అతని మార్పుకు కథ కట్టిన ధర అది. అలా చూసినవాళ్లకు అది పనిచేసింది. నా దృష్టిలోనూ రచనగా అది ఈ మూడు సినిమాల్లోనూ బలమైన మలుపు.

స్టేషన్‌లో తుపాకీ, చటాన్‌పల్లిలో పూలు

‘సింబా’ ముగింపు దగ్గర అభిప్రాయాలు ఇంకా పదునుగా చీలాయి. చనిపోయిన అమ్మాయి అందులో హీరోకి చెల్లెలి లాంటిది. ‘టెంపర్’లో ముందు పరిచయం లేని అమ్మాయి కోసం కదిలిన మనిషి, ఇక్కడ సొంత మనిషి కోసం కదులుతాడు. ఆ కోపం చట్టం కన్నా పగకు దగ్గర. అతను చేసిన పనిని నిజాయితీపరుడైన పై అధికారి పాత్ర, అంటే అజయ్ దేవగణ్ సింగం, వచ్చి సమర్థించడంతో ప్రశ్న ఇంకా బరువెక్కింది. తప్పు చేసే పోలీసు ఎన్‌కౌంటర్ చేస్తే ఒక సంగతి, మంచి పోలీసు దానికి ముద్ర వేస్తే మరో సంగతి.

సినిమా వచ్చిన ఏడాది లోపే అదే ప్రశ్న షాద్‌నగర్ దగ్గర నిజంగా ఎదురైంది. 2019 నవంబర్ 27న శంషాబాద్ శివార్లలో పశువైద్యురాలిపై జరిగిన ఘోరంలో నలుగురు నిందితులు డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం అక్కడికి వెళ్లి పోలీసుల మీద పూలు చల్లారు. సినిమాలో హీరో ఎన్‌కౌంటర్ చేస్తే చప్పట్లు కొడతాం, బయట చేస్తే ప్రశ్నిస్తామా అన్న అర్థంలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి మాట్లాడారు. సినిమా అభిప్రాయం, పాలన అభిప్రాయం ఒకే వాక్యంలో కలిసిన సందర్భం అది.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటకు వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని అందులో ఉంది. నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లేనని కూడా కమిషన్ చెప్పింది. సుప్రీంకోర్టు విషయాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. ఆ పోలీసులు కమిషన్ నిర్ధారణలను అక్కడ సవాలు చేశారు.

ఎన్‌కౌంటర్‌ను సమర్థించేవారి మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. నిర్భయ ఘటన 2012 డిసెంబర్‌లో జరిగితే ఉరి అమలైంది 2020 మార్చిలో. దోషులెవరో తేలిపోయిన కేసులోనే ఏడేళ్లు దాటింది. ఆ ఎదురుచూపు చూసినవాళ్లకు తెరమీద ఒక్క తూటా ఎంత ఊరటో అర్థం చేసుకోవచ్చు. వ్యతిరేకించేవారి మాట ఇంకోటి: అదే స్టేషన్, అదే తుపాకీ, నిన్నటిదాకా విలన్ కోసం పనిచేసిన అదే అధికారి. ఇవాళ సరైన మనుషులనే కాల్చాడని మనకెలా తెలుసు? సినిమాలో తెలుస్తుంది, ఎందుకంటే నేరం జరగడం కెమెరా మనకు చూపించింది. బయట ఆ కెమెరా ఉండదు. ప్రేక్షకుడికి సినిమా ఇచ్చే అతి పెద్ద సౌకర్యం ఈ ముందే తెలిసిన నిజం. తీర్పు మన చేతిలో ఉన్నట్టు అనిపించేది దాని వల్లే.

నిబంధనల సంగతికొస్తే, పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు 2014 సెప్టెంబర్‌లో ఎన్‌కౌంటర్ మరణాలపై పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, సీఐడీ గానీ వేరే స్టేషన్ పోలీసులు గానీ దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి, ఘటన జరిగిన వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. కస్టడీలో మనిషి చనిపోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. ‘సింబా’ వచ్చిన రెండేళ్లకు, 2020 డిసెంబర్‌లో, ప్రతి స్టేషన్‌లోనూ ధ్వనితో సహా రికార్డు చేసే సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇవాళ అదే కథ తీస్తే రచయిత ముందుగా ఆ కెమెరా ఎక్కడికి పోయిందో చెప్పాలి.

ఇంతకీ లంచం ఎక్కడికి పోయింది?

నాకు ఈ మూడు సినిమాల్లో అసలు చిక్కు ముగింపు కాదు. మొదట్లో మొదలుపెట్టిన విషయం మధ్యలో జారిపోవడం. కథ లంచంతో మొదలవుతుంది, అత్యాచారం, హత్య కేసుతో ముగుస్తుంది. హీరో తిన్న డబ్బు ఎవరిదో, ఆ కేసుల్లో ఓడిపోయినవాళ్లు ఏమయ్యారో తర్వాత ఎవరూ అడగరు. ప్రేక్షకుడు కూడా అడగడు, ఎందుకంటే లంచం వల్ల నష్టపోయిన మనిషి ముఖం తెరమీద మనసుకు ఎక్కేలా కనిపించలేదు. ఫస్టాఫ్‌లో లంచం కామెడీ. సెకండాఫ్‌లో అత్యాచారం పెద్ద నేరం. ఆ పెద్ద నేరం ముందు చిన్నదాన్ని క్షమించేస్తాం.

స్టేషన్‌లో లంచం సూట్‌కేసులో రావడం అరుదు. అది కాగితం మీద, ఒక్క అంకె మార్పులో జరుగుతుంది. ఉదాహరణకు భూమి గట్టు తగాదాలో ఒకడు కత్తితో పొడిచాడనుకుందాం. ఫిర్యాదు మీద హత్యాయత్నం సెక్షన్, అంటే ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లో 109, వేస్తే పదేళ్ల దాకా శిక్ష, గాయమైతే యావజ్జీవం వరకు. అరెస్టు, రిమాండు మామూలే. అదే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం, 118(1), కింద రాస్తే గరిష్ఠం మూడేళ్లు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరం కాబట్టి సాధారణంగా నోటీసు ఇచ్చి పంపేయవచ్చు. కత్తి అదే, గాయం అదే. ‘చంపాలని’ అన్న ఒక్క మాట ఫిర్యాదులో ఉందా లేదా అన్నదే తేడా. ధర ఆ మాటకు పలుకుతుంది. లేదంటే ‘ఇది సివిల్ మ్యాటర్, బయట మాట్లాడుకోండి’ అని పంపేసి, ఆ మాట్లాడుకోవడానికి తనే పెద్దమనిషిగా కూర్చోవడం. నేరం జరిగిందని ఫిర్యాదులోనే కనిపిస్తుంటే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు లలితాకుమారి కేసులో 2013లోనే చెప్పింది.

అలాంటి అధికారిని నిజంగా పట్టుకునే తీరు కూడా తెరకెక్కడం తక్కువ. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) పన్నే వలలో, అంటే ట్రాప్‌లో, ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లు మధ్యవర్తుల ఎదుట రాసుకుంటారు. నోట్లకు ఫినాఫ్తలీన్ అనే తెల్లపొడి పూస్తారు, కంటికి ఆనదు. అధికారి డబ్బు తీసుకున్నాక అతని వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచుతారు. పొడి అంటి ఉంటే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. జేబుకు అంటితే జేబు గుడ్డనూ ముంచుతారు. ఆ నీళ్లను సీసాలో పోసి సీలు వేసి ల్యాబుకు పంపుతారు.

గులాబీ రంగు వచ్చినంత మాత్రాన శిక్ష పడదు. డబ్బు అడిగాడని నిరూపించాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన రెండు కేసుల్లో, 2014లో, 2015లో, సుప్రీంకోర్టు అడిగినట్టు రుజువు కాలేదని శిక్షలు కొట్టేసింది. కేసులు ఎక్కువగా జారిపోయేది కూడా ఇక్కడే. ఫిర్యాదుదారు కోర్టులో మాట మారుస్తాడు, కొన్నిసార్లు విచారణ ముగిసేలోపు చనిపోతాడు. అలాంటప్పుడు కూడా మిగతా సాక్ష్యం, పరిస్థితులను బట్టి ‘అడిగాడు’ అన్నది తేల్చవచ్చని 2022 డిసెంబర్‌లో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం తీసుకుంటే మూడు నుంచి ఏడేళ్ల శిక్ష.

ఇందులో ఫైటు లేదు, బీజీఎం లేదు. నీళ్లు రంగు మారడం ఒక్కటే దృశ్యం. ఈ దారిని యాక్షన్ సినిమా వదిలేయడం అర్థమవుతుంది. కానీ ‘పోలీసు అవినీతి మీద సినిమా’ అని పిలిచేటప్పుడు ఆ వదిలేసింది కూడా గుర్తుండాలి.

అమ్మాయి చనిపోతేనే హీరో మారాలా

ఇంకో విమర్శ మహిళా ప్రేక్షకుల నుంచి గట్టిగా వినిపించింది. హీరో మంచివాడవడానికి ఒక అమ్మాయి శరీరాన్ని మెట్టుగా వాడుకున్నారని. ఆమె పేరు, చదువు, కోరికలు చూపేది కాసేపు, ఆ తర్వాత కథ హీరో కోపానిది. దీనికి ఎదురుమాట కూడా స్త్రీల నుంచే ఉంది. కుటుంబంతో చూసే మాస్ సినిమాలో ఈ నేరం గురించి ఇంత సూటిగా మాట్లాడటమే మేలు అంటారు వాళ్లు. ‘సింబా’లో నిందితులను ఏం చేయాలో స్త్రీల చేతనే చెప్పించడం ఈ విమర్శకు రచయితలు ఇచ్చిన జవాబులా ఉంటుంది. కానీ అక్కడా ట్రిగ్గర్ మీద వేలు హీరోదే.

అందరూ ఒప్పుకునే రెండు విషయాలు

ఏ పక్షంవాళ్లయినా కాదనని విషయాల్లో మొదటిది బదిలీ. ‘టెంపర్’లో విలన్ తనకు అనుకూలమైన అధికారిని రాజకీయ పలుకుబడితో వైజాగ్ రప్పించుకుంటాడు. ఇది ఎవరికీ అతిశయోక్తి అనిపించలేదు, థియేటర్లో ఎవరూ దీన్ని ‘లాజిక్ లేదు’ అనలేదు. దీన్ని ఆపడానికే ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో స్టేషన్ అధికారులకు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, బదిలీలు పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు చూడాలని, పోలీసుల మీద ఫిర్యాదులకు వేరే అథారిటీ పెట్టాలని ఆదేశించింది. ఉరి సీన్ మీద వంద అభ్యంతరాలు చెప్పే ప్రేక్షకుడు ఈ బదిలీ సీన్‌ను మామూలుగా తీసుకుంటాడు. మనకు అది అంత అలవాటైపోయింది.

రెండోది సెల్యూట్. ‘టెంపర్’లో పోసాని కృష్ణమురళి వేసిన హెడ్ కానిస్టేబుల్ నారాయణమూర్తి, కొత్త ఎస్ఐకి సెల్యూట్ కొట్టడు. ‘సింబా’లో అశుతోష్ రాణా పాత్ర కూడా అంతే. మూడు సినిమాల ముగింపుల మీద కొట్లాడుకునేవాళ్లంతా ఈ పాత్ర దగ్గర ఒకటవుతారు. అతను ఎవరినీ కొట్టడు, కాల్చడు. చెయ్యి నుదుటి దాకా లేపడు, అంతే. ఆ లేవని చెయ్యి ఎస్ఐని ఎంత గుచ్చుతుందో కెమెరా దగ్గరికి వెళ్లి చూపిస్తుంది. ఆ తర్వాత ఒకరోజు అదే చెయ్యి లేచినప్పుడు హాల్లో వచ్చే స్పందన ఏ ఫైటుకూ తగ్గదు.

బయట స్టేషన్‌లో అలాంటి హెడ్ కానిస్టేబుల్‌కు సెల్యూట్ ఎగ్గొట్టడం క్రమశిక్షణ చర్య కిందకు వస్తుంది. తన పై అధికారి తినేది కళ్లారా చూసినా, రాతపూర్వకంగా చెబితే వచ్చే బదిలీ, మెమో, సస్పెన్షన్ అతనే మోయాలి. అలా చెప్పేవారిని కాపాడటానికి పార్లమెంటు 2014లో ఒక చట్టం చేసింది. రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చింది. దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం రాలేదు.